చదవకుండా కొట్టిన పేజీలు

నాకు డీటీపీ పని నేర్పినాయన మొదటి రోజే ఒక సూత్రం చెప్పాడు. "అమ్మాయ్, మేటర్ చదవకు. కొట్టు." మా పనిలో కొట్టడమంటే టైపు చేయడం. చదవడం మొదలుపెడితే బుర్ర అడ్డొస్తుంది, రాసినాయన తప్పును సరిదిద్దాలనిపిస్తుంది, సరిదిద్దితే ఆయనొచ్చి పోట్లాడతాడు. ఎద్దు ఈనిందని కాగితం మీద ఉంటే ఎద్దు ఈనిందనే కొట్టాలి. దూడను గాటన కట్టేసే సంగతి ఎవరో చూసుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఇరవై ఏళ్ళకు పైగా నేను ఈ సూత్రం మీదే బతికాను. పోటీ పరీక్షల బిట్లు, పెళ్ళి కార్డులు, కిరాయి అగ్రిమెంట్లు, ఎవరెవరివో కవిత్వాలు, అన్నీ నా వేళ్ళ మీదుగా పోయాయి. ఒక్కటీ బుర్రలోకి పోలేదు. దానికి నాకు గర్వం కూడా ఉండేది. ఇప్పుడు ఆ గర్వం తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పాస్టరుగారు నా షాపుకు మొదటిసారి వచ్చింది ఏడేళ్ళ కిందట, ఎండాకాలంలో. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. చంపాపేట్‌లో హార్డ్‌వేర్ షాపు పైన ఒక హాలు కిరాయికి తీసుకుని చిన్న సంఘం నడిపేవారు. ఇల్లు అల్మాస్‌గూడలో. గుడ్డసంచీలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టి, పరీక్ష పెట్టే పంతులులా నిలబడ్డారు.

"బిడ్డా, గిది ఏ భాషనో చెప్పు సూద్దాం."

"గ్రీకు లాగా ఉందండీ."

"దగ్గర్దాంక ఒచ్చినవ్. కాప్టిక్."

ఆ పేరు నేను వినలేదు. ఈజిప్టులో ఒకప్పుడు జనం మాట్లాడిన భాషట. ఇప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడరట, అక్కడి చర్చిల్లో ప్రార్థనలకు మాత్రం మిగిలిందట. దాన్ని అల్మాస్‌గూడలో కూర్చుని ఈయనెందుకు నేర్చుకున్నారో నాకు అర్థం కాలేదు. నాకెందుకులే అనుకుని, పేజీకి ఇంత అని చెప్పి సంచీ తీసుకున్నాను.

ఆ సంచీలో ఉన్నది ఒక పుస్తకం, రెండు భాగాలు. రెండో భాగం కాప్టిక్ మాటలకు తెలుగు అర్థాలు. మొదటి భాగం వేల్స్ దేశపు పాస్టరు ఒకాయన జీవితం. వేల్స్ అంటే ఇంగ్లండు పక్కనే ఉండే కొండల దేశం. ఆయన పోయి ఎన్నో తరాలైంది. ఆయన రాసిన కాప్టిక్ వ్యాకరణం జిరాక్స్ ప్రతి ఒకటి, ఏదో కాలేజీ లైబ్రరీలో చిత్తు కింద పడేస్తుంటే మా పాస్టరుగారికి దొరికింది. యాభై దాటాక ఆ ప్రతి ముందేసుకుని, గురువంటూ లేకుండా, ఆ భాష నేర్చుకున్నారు. ఇదంతా నేను కొట్టిన పేజీల్లోనే ఉంది, కానీ నాకు తెలిసింది ఆయన నోటి వెంట. ప్రింటు కోసం ఎదురు చూస్తూ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చెప్పేవారు. ఆ వేల్స్ పాస్టరు ఈజిప్టు ముఖం ఎన్నడూ చూడలేదట. ఏడాది పొడుగునా వాన పడే ఊరు, సంఘమంతా గొర్రెల కాపర్లు. ప్రసంగాల కాగితాల వెనకవైపు కాప్టిక్ మాటలు రాసుకునేవాడట. ఆ ఊళ్ళో ఒక్కరికీ ఆ భాషతో పని లేదు, ఒక్కరూ అడగలేదు, అయినా ముప్ఫై ఏళ్ళు రాశాడట.

"పిచ్చాయన" అన్నాను.

"నా లెక్కనే" అని నవ్వారు. తర్వాత కొంచెం గంభీరంగా, "ఆయన ఇంట్ల మాట్లాడే భాషను జూసి ఇంగ్లీషోళ్ళు నవ్వేటోళ్ళంట బిడ్డా. మీరు మమ్ముల నవ్వినట్లు" అన్నారు.

"నేనెప్పుడు నవ్వానండీ?"

"నా 'ఎట్ల'లన్నీ 'ఎలా'లు చేసినవ్ గద. గది నవ్వుడు కాదా?"

నిజమే. మాది కృష్ణా జిల్లా. నా వేళ్ళు నన్నడక్కుండానే ఆయన భాషను మా భాష చేసేశాయి. ఆ ప్రూఫు నిండా ఆయన ఎర్ర ఇంకు పారింది. సిగ్గేసి, ఆనాటి నుంచి ఆయన కాగితాలు మరీ కళ్ళు మూసుకున్నట్టే కొట్టాను. అక్షరం తర్వాత అక్షరం, అంతే.

కాప్టిక్ భాగానికి పద్ధతి వేరు. కీబోర్డు మీద ఆ అక్షరాల స్టిక్కర్లు అంటించుకున్నాను. ప్రూఫు చూసేటప్పుడు ఆయన కాగితం చూసి పైకి చదివేవారు, నేను తెర మీద అక్షరాలు సరిచూసుకుంటూ పోయేదాన్ని. అట్లా ఆ శబ్దాలు నా చెవికి పట్టాయి. ఏ శబ్దానికి ఏ అక్షరమో చెప్పగలిగేదాన్ని. అర్థాలు మాత్రం ఒకటీ అరా తప్ప తెలియవు. దేవుణ్ణి 'నూతి' అంటారని తెలుసు, ఎందుకంటే అది వినగానే, "అయ్యగారూ, మీ దేవుడు నూతిలో ఉన్నాడా?" అని నవ్వాను, ఆయనా నవ్వారు. 'పెన్' అని ముందు వస్తే 'మా' అని అర్థమట. ఇట్లాంటివి ఓ పది ఉంటాయేమో.

ప్రూఫులిచ్చేందుకు వాళ్ళింటికి వెళ్తే, ఆయన భార్య పాస్టరమ్మ నన్ను మొదటిసారి చూసినప్పుడే ఫిర్యాదు చేసింది. "పొద్దున లేచి డాబా మీద తిరుగుకుంట అదే భాషల ప్రార్థన చేస్తరు బిడ్డా. దేవునికి తెలుగు రాదన్నట్లు." కానీ ఆ ఫిర్యాదులో మురిపెం ఉంది. ఆయనకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చునేది, చివరి ముద్ద మాత్రం తనే కలిపి ఆయన చేతిలో పెట్టేది. పెళ్ళైన నాటి నుంచి అదొక అలవాటట. ముసలాళ్ళ ముచ్చట్లు అనుకున్నాను.

పోయిన ఏడాది వానాకాలంలో ఆమె ఫోను చేసింది. పాస్టరుగారికి పక్షవాతం వచ్చిందని, ఎల్‌బీ నగర్‌లో దవాఖానలో చేర్చామని. నేను వెళ్ళేసరికి వారం గడిచింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. తెలుగు పోయింది, ఇంగ్లీషు పోయింది, భార్య పేరు కూడా పోయింది. కానీ నోరు ఊరుకోలేదు. ఉండుండి ఆ నోట్లోంచి కాప్టిక్ వచ్చేది.

సంఘం వాళ్ళు మంచం చుట్టూ నిలబడి ఏడుస్తూ స్తోత్రాలు చెబుతున్నారు. ఆత్మ దిగి వచ్చి అయ్యగారు అన్యభాషలు మాట్లాడుతున్నారని వాళ్ళ నమ్మకం. వాళ్ళల్లో అదొక గొప్ప వరం. ఆయన ఆరేళ్ళు నా షాపులో కూర్చుని ప్రూఫు చదివిన భాష అదేనని వాళ్ళకు తెలియదు. పాస్టరమ్మకు తెలుసు. నన్ను చూడగానే వాళ్ళందరినీ తోసుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే చెప్పాలె బిడ్డా. ఏమంటున్నరో నీకే ఎరుక. ఆరేండ్లు ఆయన మాటలన్నీ నువ్వే రాసినవ్."

నాకు రాదు అని అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంతమంది చూస్తున్నారు, ఆమె నా చెయ్యి వదల్లేదు, పైగా లోపలెక్కడో నేనూ ఒక పండితురాలిననే తిక్క. "చూస్తానమ్మా" అన్నాను. ఒక్క ముక్కలో అబద్ధం.

వాళ్ళ కూతురు తుర్కయంజాల్‌లో ఉంటుంది, ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆస్పత్రి పనులన్నీ ఆ అమ్మాయే చూసుకుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడట: గొంతు మింగడం మరిచిపోయింది, ముక్కులో వేసిన గొట్టం ద్వారానే ఆహారం, నోట్లో ఏం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని. ఆ అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది: 'ఆంటీ, పెద్ద అక్షరాలతో ఒకటి ప్రింట్ తీసివ్వండి. నోట్లో ఏమీ పెట్టవద్దు, నీళ్ళు కూడా.' తీసి ఇచ్చాను. మంచం తలవైపు గోడకు అంటించింది. చక్కగా వచ్చింది, బోల్డ్‌లో.

ఇంటికి తెచ్చిన మూడో రోజు మధ్యాహ్నం షాపు మూసి, లాప్‌టాప్ తీసుకుని అల్మాస్‌గూడ వెళ్ళాను. పాస్టరమ్మ ఒక్కతే ఉంది. ఆయన గోడకు ఆనించిన దిండ్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టారనే అనుకుంటాను, ఎడమచెయ్యి కాస్త లేచింది. తర్వాత మొదలుపెట్టారు. నేను నోట్‌బుక్కు తీసి వినబడింది వినబడినట్టు రాసుకున్నాను. కొంతదూరం గడగడా వచ్చేది, ఒక మాట దగ్గర ఆగేది. "పెనోయిక్" అనేవారు. మళ్ళీ "పెనోయిక్." భార్య వంక చూస్తూ అదే మాట, మూడుసార్లు, నాలుగుసార్లు. ముందుకు పోలేక కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

"అదే బిడ్డా, అదే మాట" అంది పాస్టరమ్మ. "నా దిక్కు జూసుకుంటనే అంటరు. ఏమడుగుతున్నరు?"

లాప్‌టాప్‌లో ఆయన మాటల పట్టిక తెరిచాను. పెనోయిక్ అని వెతికితే దొరకలేదు. అప్పుడు నాకు 'పెన్' అంటే 'మా' అని గుర్తొచ్చింది. అది తీసేసి 'ఓయిక్' అని వెతికాను. దొరికింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎంతటిదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ మంచం పక్కన, ఆ మనిషి కన్నీళ్ళ ముందు, పరీక్ష పాసైనదానిలా తలెత్తాను.

"రొట్టె అమ్మా. ఆహారం. మా రొట్టె అంటున్నారు."

ఆమె ఆయన ముఖం చూసింది. గోడ మీద నేను ప్రింటు తీసిన కాగితం చూసింది. నేనూ చూశాను. చూసి కూడా, "కానీ పెట్టకూడదు కదా" అని ఊరికే ఒక మాట అని, టీ తాగి వచ్చేశాను. గట్టిగా చెప్పలేదు. డాక్టర్ని అడుగుదామని కూడా అనలేదు. నేను చెప్పాల్సింది చెప్పేశాను, ఇక నా పని అయిపోయింది అన్నట్టు బస్సెక్కాను.

మర్నాడు సాయంత్రం కూతురు ఫోను. "ఆంటీ, నాన్నకు ఆకలైతుందని మీరు చెప్పిన్రా?" వాళ్ళమ్మ బన్నును పాలల్లో నానబెట్టి చెంచాతో పెట్టిందట. నాలుగు చెంచాలు. ఐదోది లోపలికి పోగానే ఉక్కిరిబిక్కిరి అయ్యారట. రాత్రికి జ్వరం, తెల్లారేసరికి ఊపిరి ఆడలేదట. మళ్ళీ ఎల్‌బీ నగర్, ఈసారి ఐసీయూ.

"నేను రొట్టె అని అర్థం చెప్పానమ్మా, అంతే" అన్నాను.

"మీకు ఆ భాష ఒస్తదా?"

నేను జవాబు చెప్పకముందే ఫోను పెట్టేసింది.

ఆ పూట షాపులో కూర్చుని, ఆ పుస్తకం ఫైలు తెరిచి, ఆరేళ్ళలో మొదటిసారి చదివాను. నా నోట్‌బుక్కులో రాసుకున్న శబ్దాలు ఒక్కొక్కటే పట్టుకుని పోయాను. ఎక్కువసేపు పట్టలేదు. మాటల పట్టికకు ముందు 'చదవడం అలవాటయ్యేందుకు' అని ఒక పేజీ ఉంది. ఎడమవైపు కాప్టిక్, కుడివైపు తెలుగు. వాళ్ళు చర్చిలో ప్రతి ఆదివారం చెప్పుకునే పరలోక ప్రార్థన. మధ్యలో రొట్టె కోసం అడిగే వాక్యం. ఆయన అన్న మాటలన్నీ అదే వరసలో ఉన్నాయి. కింద ఆయన ఒక వివరణ కూడా రాశారు: కాప్టిక్‌లో ఈ వాక్యం రేపటి రొట్టెను ఇవాళే ఇవ్వమని అడుగుతుందని, వేల్స్ పాస్టరు తన బీద సంఘానికి ఈ మాట మీద ఒక ఆదివారమంతా ప్రసంగం చెప్పాడని. ఆ పేజీ నేనే కొట్టాను. ప్రూఫు నేనే సరిచూశాను. అక్షరం తప్పు లేదు.

ఆయన ఏమీ అడగలేదు. ఆకలి అనలేదు. డాబా మీద రోజూ చెప్పుకున్న ప్రార్థన నాలుక మీద మిగిలిపోయి, దానంతటది దొర్లుతోంది. సగంలో దారి మరిచిపోయి ఆగిపోయింది. ఆయన నిజంగా ఏం అడగాలనుకున్నారో అది ఏ భాషలోనూ బయటికి రాలేదు. నేను దానికి అర్థం చెప్పి వచ్చాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇది కడిగితే పోయే అడుసు కాదు.

రెండో రోజు ఐసీయూ బయట వరండాలో పాస్టరమ్మ ఇనుప కుర్చీలో కూర్చుని ఉంది. కూతురు మందులకని కిందికి వెళ్ళింది. ఆమె పక్కన కూర్చున్నాను. బస్సులో ఎన్నిసార్లో వల్లెవేసుకున్న మాటలన్నీ వదిలేసి, ఒక్కటే చెప్పాను.

"అమ్మా, అది ప్రార్థన. ఆయన తిండి అడగలేదు. నాకు ఆ భాష రాదు. తప్పు చెప్పాను."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నాకెరుకే బిడ్డా" అంది.

నాకు అర్థం కాలేదు.

"నలభై ఏండ్లాయె పాస్టరమ్మనై. ఆ ప్రార్థన ఏ భాషల చెప్పినా దాని నడక నాకు ఎరుకైతది. డాబా మీద రోజు వింటి. నువ్వు రొట్టె అనంగనే సమజైంది, అది ప్రార్థననే అని."

"మరి... ఎందుకు పెట్టారమ్మా?"

ఆమె తన కుడి అరచెయ్యి తెరిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అప్పటికి పన్నెండు దినాలాయె, ఆయనకు నా చేత్తోని ముద్ద పెట్టక. ముక్కుల గొట్టం, అండ్ల తెల్లటి నీళ్ళు. నేనెందుకున్నట్లు? జర్రంత పెట్టమని ఎవలన్న ఒక్కలు అంటె బాగుండని చూస్తున్న. డాక్టరు అనలే, నా బిడ్డ అనలే. నువ్వన్నవ్."

నేను అనలేదు అని అరవాలనిపించింది. రొట్టె అన్నాను, పెట్టమనలేదు. ఒక్క క్షణం ఆమె మీద నిజంగా కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ముఖం చూస్తే అది నిలవలేదు. అంతలోనే ఇంకో అనుమానం: నా బరువు దించడానికి ఈ మాట అంటోందా? ఆమెకు నిజంగా తెలుసా, లేక ఇప్పుడు కల్పించిందా? అది నాకు ఇప్పటికీ తెలియదు.

వరండా చివర మెట్ల దగ్గర కూతురు కనిపించింది, చేతిలో మందుల కవరు. పాస్టరమ్మ చటుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"దానికి చెప్పకు బిడ్డా. నాకెరుక లేకుంట పెట్టిన్ననే అనుకుంటుంది. నువ్వు చెప్తె నమ్మి పెట్టిన్నని అనుకుంటుంది. ఎరుకై పెట్టిన్నని తెలిస్తె అది నా మొకం చూడదు. ఆయన పోతె నాకిగ అదొక్కతే."

ఆమె గోళ్ళు నా చర్మంలోకి దిగాయి. ఆ అమ్మాయి దగ్గరికొస్తోంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఉన్నా ఏం చేసేదాన్ని? తల ఊపాను. కూతురు నన్ను చూసి, చూడనట్టు, నా ముందు నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

పాస్టరుగారు నాలుగో రోజు పోయారు. గొంతులో గొట్టం వేశాక ఆ ప్రార్థన కూడా ఆగిపోయింది. చివరిదాకా ఆయన ఏం చెప్పాలనుకున్నారో ఎవరికీ తెలియలేదు.

సమాధి దగ్గర సంఘం వాళ్ళు చాలామందే వచ్చారు. అయ్యగారికి దేవదూతల భాష వచ్చిందని ఒక పెద్దాయన సాక్ష్యం చెప్పాడు. ఎవరూ కాదనలేదు. మట్టి వేయడం అయిపోయాక కూతురు గేటు దగ్గర నిలబడి, వెళ్ళేవాళ్ళందరికీ చేతులు జోడిస్తోంది. వరసలో నా వంతు వచ్చింది. నేను చేతులు జోడించాను. ఆ అమ్మాయి చేతులు దించేసింది.

"ఇంక మా అమ్మ దగ్గరికి రాకుండ్రి ఆంటీ" అంది. గట్టిగా కాదు, నాకు వినబడేంత. "ఆమె అమాయకురాలు. మీరేది చెప్తె అది నమ్మింది."

పాస్టరమ్మ పక్కనే ఉంది. వింది. నా వైపు చూసింది, ఒక్క రెప్పపాటు, తర్వాత కూతురి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ అమ్మాయి తల్లిని రెండు చేతులా దగ్గరికి తీసుకుంది. నేను "సరేనమ్మా" అని గేటు దాటి వచ్చేశాను.